విసర్జితము

ఊరు విడిచి పోయిన యొక వ్యక్తిని మఱచుటకై, చిన్ననాఁడు మానివేసిన సంగీతమును ఇరువదిరెండవ యేట మరల నాశ్రయించిన నాకు, గురువుగారు పట్టుపట్టి చెప్పినది క్షేత్రయ్య విరహపదమే యగుట ఆనాఁడు పరిహాసముగాఁ దోఁచినది. మనస్సుతోపాటు పాటయుఁ బరుగెత్తెడిది. గురువుగారు వీణ ప్రక్కకు జరిపి, "తొందరెందుకు నాయనా? నువ్వు పరుగెత్తితే వెళ్ళినవాళ్ళు వెనక్కొస్తారా? తాళం వెయ్యి" అనిరి.

విలంబకాలమున త్రిపుట వేసినవారికే దాని శ్రమ తెలియును. తొడపై నొక ఘాత, చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు. పిదప ఘాత, విసర్జితము. మరల ఘాత, విసర్జితము. ఏడక్షరముల యావర్తమున రెండు మారులు అరచేయి తిరుగఁబడి, పట్టినదానిని వదలినట్లు పైకిఁ దెఱచుకొనును. విడిచిపెట్టుటకును ఒక కాలప్రమాణము కలదనియు, అంతకు ముందు వదలినను, తరువాత వదలినను తాళము తప్పుననియు నా చేతికిఁ దెలిసినంత త్వరగా మనస్సునకుఁ దెలియలేదు.

క్షేత్రయ్య పదములను అనుపల్లవితో నెత్తుకొని పిదపఁ బల్లవికి వచ్చుట అభినయమునకుఁ బాడువారి సంప్రదాయము. ఎడబాటును మాత్ర మెవరు మొదటినుండి తలఁచుకొందురు? నడుమ నెక్కడనో, ఒక వాకిటికడ, ఒక సాయంకాలమున తలఁపు తగులుకొని, పిదప వెనుకకు నడచును. 17వ శతాబ్దిలో, కూచిపూడి చెంతనున్న మొవ్వనుండి తంజావూరి విజయరాఘవనాయకుని కొలువువఱకుఁ బోయిన యా కవి, తన పదములలో "మువ్వగోపాల" యను ముద్రనే నిలిపెను. చేవ్రాలు చేయవలసినచోట సయితము వెడలిపోయినవాని పేరే వ్రాసికొనెను. తాను 4,000కుఁ బైఁబడి చెప్పితినని చెప్పుకొన్న పదములలో మనకు దక్కినవి కొన్ని వందలే. తక్కినవి ఆ గోపాలుని వెంటనే పోయినవి కాఁబోలు.

నిరుడు ఒక పెండ్లిపందిటిలో ఆ వ్యక్తియే నా కెదురుపడినది. మనుమల చదువులను గూర్చియు, మోకాళ్ళ నొప్పులను గూర్చియు మాటలాడుకొంటిమి. "ఇంకా పాడుతున్నారా?" అని యడిగినది. అప్పుడప్పుడు పాడుచుంటినంటిని. ఆ రాత్రి ఇంటికి వచ్చి, దీపము తగ్గించి, ఆ పదమునే యెత్తుకొంటిని. వెనుకటి విరహము వెనుకటివలెనే యున్నది. కాని అది యెవరికొఱకో యని వెదకిన, ఎవ్వరును గానరారైరి. ఏడవ యక్షరమునకు అరచేయి తనంతఁ దానే తిరుగఁబడినది.