సైబర్‌సిన్ ప్రయోగం: ప్రణాళికలో శ్రామికుల స్థానం - విమర్శనాత్మక పరిశీలన

కీలకపదాలు: సైబర్‌సిన్, చిలీ, ఆర్థిక ప్రణాళిక, కంప్యూటర్ వ్యవస్థలు, శ్రామిక భాగస్వామ్యం.

1. ఉపోద్ఘాతం

మార్కెట్ ధరలు లేకుండా ఒక దేశపు ఉత్పత్తిని హేతుబద్ధంగా గణించడం అసాధ్యమని 1920లో లుడ్విగ్ ఫాన్ మీజెస్ వాదించాడు. కంప్యూటర్ వచ్చాక ఆ అభ్యంతరానికి బలం లేదని 1967లో ప్రచురితమైన వ్యాసంలో ఆస్కార్ లాంగె బదులిచ్చాడు. ఈ రెండు వాదాలూ గణన సాధ్యమా కాదా అన్నదానికే ప్రాధాన్యమిచ్చాయి. వేటిని లెక్కించాలో ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్న మరుగున పడింది. 1971-73 మధ్య చిలీలో సాగిన సైబర్‌సిన్ ప్రయోగాన్ని ఈ రెండో ప్రశ్న ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. వ్యవస్థ స్వరూపం

సాల్వడోర్ అయెండె ప్రభుత్వం జాతీయం చేసిన పరిశ్రమల నిర్వహణలో సహకరించవలసిందిగా ఫెర్నాండో ఫ్లోరెస్ 1971లో బ్రిటన్‌కు చెందిన స్టాఫర్డ్ బీర్‌ను ఆహ్వానించాడు. కర్మాగారాల సమాచారం టెలెక్స్ ద్వారా రాజధాని శాంటియాగోకు చేరాలి. కంప్యూటర్ దానిని గణాంక పద్ధతిలో పరిశీలించి, అసాధారణ మార్పు కనిపిస్తే హెచ్చరించాలి. ఆ హెచ్చరిక మొదట సంబంధిత కర్మాగారానికే అందాలి. నిర్ణీత గడువులో అక్కడ పరిష్కారం కాకపోతేనే పైస్థాయికి వెళ్లాలి. స్థానిక స్వయంనిర్ణయానికి చోటిచ్చిన ఈ నియమం బీర్ రూపకల్పనలో అత్యంత విలువైన అంశం.

3. ఆశయానికీ ఆచరణకూ మధ్య అంతరం

బీర్ తన ఐదంచెల నమూనాను వివరిస్తూ చివరి అంచెకు రాగానే, ఆ స్థానం ప్రజలదేనని అయెండె అన్నట్లు బీరే నమోదు చేశాడు. ఆచరణ మాత్రం ఆ మాటను అందుకోలేకపోయింది. కర్మాగారాల నమూనాల తయారీలో శ్రామికులు పాల్గొనాలని బీర్ ఆశించినా, ఆ పని ప్రధానంగా సాంకేతిక నిపుణుల చేతుల్లోనే సాగిందని ఈడెన్ మెడీనా 2011లో వెలువరించిన గ్రంథం ద్వారా తెలుస్తోంది. సేకరించిన సూచికలలో కార్మికుల గైర్హాజరు ఒకటి. పని మానడానికి కారణమేమిటో చెప్పే అవకాశం ఆ అంకెలో లేదు. నియంత్రణ గదిలోని ఏడు కుర్చీలకు కీబోర్డు బదులు పెద్ద మీటలు అమర్చడంలోనూ ఇటువంటి పరిమితే కనిపిస్తుంది. టైపు చేయడం మహిళా కార్యదర్శుల పని అనీ, నిర్ణేతలు పురుషులే అనీ అనుకున్న దృష్టి దాని వెనుక ఉంది.

4. 1972 అక్టోబరు అనుభవం

లారీ యజమానుల సమ్మెతో రవాణా స్తంభించినప్పుడు ప్రభుత్వానికి అక్కరకు వచ్చింది నియంత్రణ గది కాదు, టెలెక్స్ వలయం. ఎక్కడ సరుకు కొరత ఉందో, ఏ దారి తెరిచి ఉందో సందేశాలు ఇరువైపులా నడిచాయి. పనిచేసేవారు తమ పరిస్థితిని తమ మాటల్లో తెలియజేయగలగడమే అక్కడి బలం. నియంత్రణ గది మాత్రం నమూనా దశ దాటలేదు.

1973 సెప్టెంబరు 11 నాటి సైనిక కుట్రతో ప్రయోగం అర్ధాంతరంగా ముగిసింది కనుక దానిని తప్పుపట్టరాదని కొందరు అనవచ్చు. అసంపూర్తిగా మిగిలిన భాగాల విషయంలో ఈ సమర్థన న్యాయమే. సూచికల ఎంపికకు మాత్రం అది వర్తించదు. ఆ ఎంపిక ప్రయోగం ఆరంభంలోనే జరిగింది.

5. ముగింపు

సైబర్‌సిన్ వైఫల్యాన్ని కంప్యూటర్ శక్తిహీనతగా చూడటం ఎంత పొరపాటో, నేటి యంత్రాల వేగంతో ఆ లోపం తీరుతుందనుకోవడమూ అంతే పొరపాటు. సూచికలను ఎంచుకునే, మార్చే, తిరస్కరించే అధికారం ఉత్పత్తి చేసేవారికి ఉన్నప్పుడే కంప్యూటర్ ఆధారిత ప్రణాళిక సహకార ప్రణాళిక అవుతుంది.