పడుగూ పేకల్లో పగ

పదేళ్ల యుద్ధం చేసి ట్రాయ్‌ని గెలిచిన రాజు అగమెమ్నన్ ఇంటిముందు రథం దిగబోతాడు. కాలు నేలకు తగలకముందే రాణి క్లైటెమ్నెస్ట్రా రథం నుంచి గుమ్మం దాకా ఎర్రని నేతబట్టలు పరిపిస్తుంది. సముద్రపు నత్తల నుంచి తీసిన రంగు అది, వెండితో సమానంగా తూగే రంగు. దేవుళ్లకు చేయాల్సిన మర్యాద మనిషికి తగదని రాజు వెనకాడతాడు. ఈ యుద్ధంలో ట్రాయ్ రాజు ప్రియామ్ గెలిచి ఉంటే ఏం చేసేవాడని రాణి అడుగుతుంది. వాటిమీదే నడిచేవాడంటాడు రాజు. పంక్తికి పంక్తి బదులుగా సాగే ఆ వాదంలో ట్రాయ్‌ని కూల్చినవాడు ఇట్టే ఓడిపోతాడు. చెప్పులు విప్పించుకుని ఆ బట్టలు తొక్కుతూ లోపలికి వెళ్తాడు. ప్రేక్షకుడి కంటికి అది గుమ్మంలోకి పారుతున్న నెత్తురు.

ఈస్కిలస్ నాటకత్రయం ‘ఒరెస్టియా’ క్రీ.పూ. 458లో ఏథెన్స్‌లో, డయోనిసస్ ఉత్సవంలో మొదటి బహుమతి పొందింది. దాన్ని చదివిన ప్రతిసారీ నన్ను ఆపేసేది అందులోని బట్ట. తమ్ముడి పిల్లల్ని చంపి, వండి, ఆ తమ్ముడికే వడ్డించిన ఏట్రియస్ వంశం అగమెమ్నన్‌ది. ఆ పాపం పడుగులా ముందే సాగదీసి ఉంది. పేక నేసేది మాత్రం మనుషుల చేతులే.

రాజు రాకముందే వృద్ధుల బృందం ఔలిస్ రేవును తలచుకుంటుంది. గాలి అనుకూలించాలని రాజే బలి ఇచ్చిన తన కూతురు ఇఫిజెనియా కుంకుమపువ్వు రంగు వస్త్రం నేలమీదికి జారుతుంది. ఆ బట్టే తర్వాత ఎర్రబట్టలై వాకిట పరుచుకుంటుంది.

రాణి ఎంత పిలిచినా రథంమీది బందీ కసాండ్రా నోరు విప్పదు. మాటలు లేని పాత్రేమో అనుకునే వేళ అపోలో దేవుణ్ణి పిలుస్తూ గుండెలవిసేలా అరుస్తుంది. లోపల జరగబోయే హత్యను, వలను ముందే చూస్తుంది. మనకు హత్య కనిపించదు, కేక మాత్రం వినిపిస్తుంది. తర్వాత రాజు, కసాండ్రా శవాల పక్కన నిలబడి రాణి చెబుతుంది: వలలాంటి వస్త్రం కప్పి మూడు దెబ్బలు వేశానని.

రెండో నాటకంలో రాజు కొడుకు ఒరెస్టెస్ తానెవరో అక్క ఎలెక్ట్రాకు రుజువు చేసేది ఆమె స్వయంగా నేసిన బట్ట చూపించే. ప్రేమకు ఆనవాలైన నేత అది. కొద్దిసేపటికే అతను తల్లిని చంపి, తండ్రిని చుట్టిన ఆ పాత వస్త్రాన్నే అందరిముందు పరిపిస్తాడు. శవం పక్కన హంతకుడు, అదే గుడ్డ: మొదటి నాటకపు దృశ్యమే మళ్లీ కళ్లముందుకు వస్తుంది. పగ తీరలేదనీ, చేతులు మారిందనీ వేరే చెప్పక్కర్లేదు.

మూడో నాటకంలో ప్రతీకార దేవతలు ఒరెస్టెస్‌ను తరుముతారు. ఎథీనా దేవత ఏర్పరచిన న్యాయసభలో ఓట్లు సమానమై అతను విడుదలవుతాడు. మండిపడుతున్న ఆ దేవతలను ఎథీనా ఓపికగా బుజ్జగించి, నగరంలోనే చోటిస్తుంది. చివరి ఊరేగింపులో వాళ్లకు ఎర్రని పైబట్టలు కప్పుతారు. ఏథెన్స్‌లో స్థిరపడిన పరదేశీయులు పండుగ ఊరేగింపులో వేసుకునే రంగు అది. రాజును చావులోకి నడిపించిన ఎరుపు పగను ఊళ్లోకి ఆహ్వానించే ఎరుపైంది. పడుగును ఈస్కిలస్ తెంపలేదు. పేక మార్చాడు.