25 ప్రశ్నల పనితనం

పెద్దవయసువాళ్లు సొంతింట్లో పడిపోకుండా ఉండాలంటే ఆ ఇంట్లో ఏమేం చూడాలి? ఇందుకోసం తయారైన పత్రాల్లో నాకు బాగా నచ్చింది హోమ్ ఫాస్ట్. ఆస్ట్రేలియాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు లినెట్ మెకంజీ తోటి పరిశోధకులతో కలిసి రూపొందించగా 2000లో వెలువడింది. మొత్తం 25 ప్రశ్నలు. జవాబు అవును, కాదు, కొన్నిటికి వర్తించదు. ‘కాదు’లు పెరిగినకొద్దీ ఆ ఇంట్లో ముప్పు ఎక్కువ.

చూపుకి సాదా పత్రమే. నేర్పంతా ప్రశ్న వేసిన తీరులో ఉంది. నడిచే దారిలో వైర్లు అడ్డమున్నాయా, మెట్ల అంచులు కనిపిస్తున్నాయా అని ఎంత శ్రద్ధగా అడుగుతుందో, ఈ మనిషి మంచం మీంచి ఇబ్బంది లేకుండా లేవగలరా అని కూడా అంతే శ్రద్ధగా అడుగుతుంది. మంచం ఎత్తు కొలవమనదు. అదే మంచం భర్తకు సరిపోయి, మోకాళ్ల నొప్పులున్న భార్యకు సరిపోకపోవచ్చు. ఇంటినీ అందులో మసిలే మనిషినీ విడదీయకుండా చూడటమే ఇందులోని గొప్ప పనితనం.

ప్రతి ప్రశ్నకూ చిన్న వివరణ ఉంది. పెద్దవాళ్ల వెంట నడిచి చూస్తే తప్ప తట్టని సంగతులవి. మరుగుదొడ్డి పడగ్గదికి దగ్గర్లో ఉందా? దగ్గరంటే రెండు గుమ్మాలకు మించకూడదు, పడగ్గది గుమ్మమూ లెక్కలోదే. ఆరుబయటికి వెళ్లాల్సిన, తాళం తీయాల్సిన పని ఉండకూడదు. చదువుతుంటే అర్ధరాత్రి నిద్రమత్తులో, తొందరలో లేచిన మనిషి కళ్లకు కడతాడు. వంటింటి సామాను భుజానికీ మోకాలికీ మధ్య ఎత్తులో అందాలి, కుర్చీ ఎక్కాల్సి రాకూడదు. వీధి తలుపు తీసేటప్పుడు మెట్టు మీద తూలిపోకుండా, నిలబడేందుకు చదునైన చోటుండాలి.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది పెంపుడు జంతువుల ప్రశ్న. తిండి పెట్టేటప్పుడు అది మీదికి ఎగురుతోందా? కాళ్లకు అడ్డం పడుతోందా? గిన్నె పెట్టడానికి నేలదాకా వంగాలా? ఇంటి భద్రత అనగానే గోడలూ మెట్లూ గుర్తొస్తాయి గానీ, ఆకలితో కాళ్ల చుట్టూ తిరిగే కుక్క ఎంతమందికి గుర్తొస్తుంది?

ఇంటినీ మనిషినీ కలిపి చూడాలనడానికి ఆస్ట్రేలియాలోనే, సిడ్నీలో 530 మందితో చేసి 1999లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. అంతకుముందు ఏడాదిలో పడినవాళ్ల ఇళ్లకు థెరపిస్టు వెళ్లి చూసి సలహాలిస్తే, వాళ్లు పడటం తగ్గింది. ఇంటి బయట కూడా తగ్గింది. కేవలం ఇంటిని సరిచేస్తే ఇలా జరగదు, మనిషి నడక, అలవాట్లు కూడా మారి ఉండాలి.

హోమ్ ఫాస్ట్‌లోని స్నానపు తొట్టి ప్రశ్న మన ఇళ్లలో చాలావాటికి వర్తించదు. మన ఎత్తు గడపలు, ఎప్పుడూ తడిగా ఉండే బాత్‌రూములు, నేలబారు మరుగుదొడ్లు మనమే చేర్చుకోవాలి. అడిగే పద్ధతి మాత్రం ఉన్నదున్నట్టు తీసుకోదగ్గది.

అమ్మానాన్నలు ఒక ఊళ్లో, తాము ఒక ఊళ్లో ఉంటున్నవాళ్లకు ఒక మాట. ఈసారి వెళ్లినప్పుడు రాత్రిపూట మంచం దగ్గర్నుంచి బాత్‌రూము దాకా వాళ్ల వెంట నడవండి. పడుకున్న చోటునుంచే లైటు స్విచ్ అందుతోందో లేదో, దారిలో కాలికి ఏం తగులుతోందో చూడండి. తిరుగు ప్రయాణం కట్టేలోపే సరిచేయించండి.