వణికే గొంతుతో సాక్ష్యం

ఆదివారం సాయంత్రం యవ్వనస్తుల కూడికలో పాటలు అయిపోగానే హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. కూడిక నడిపించే అన్న మైకు చేతిలోకి తీసుకుని, "ఇప్పుడు ఎవరైనా సాక్ష్యం చెప్పండి" అంటాడు. అప్పటిదాకా డోలక్ మోతతో హోరెత్తిన హాలులో తలలన్నీ బైబిళ్ల మీదికి వంగిపోతాయి. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే ఒక అమ్మాయి, నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచుకున్న కాగితాన్ని వేలితో తడుముకుంటుంది. చెప్పాలనుకున్నది మూడు ముక్కల్లో దాని మీద రాసుకుంది. మూడు వారాలుగా దాని మడత విప్పలేదు. ముక్త్యాల కానీ, జగ్గయ్యపేట కానీ, నందిగామ కానీ, ఏ సంఘానికి వెళ్లినా ఎవరో ఒక పిల్ల బైబిల్లో ఇలాంటి కాగితం ఉంటుంది.

ఈ వారం కాలమ్ ఆ కాగితం గురించే.

సాక్ష్యం చెప్పడం కొందరికి పుట్టుకతో వచ్చే వరమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది డోలక్ వాయించడం లాంటిది. చెయ్యి తిరగాలి, తిరిగేదాకా పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. ధైర్యం కూడా అలా అలవడేదే. టీనేజి పిల్లలకు దేవుని చిత్తం గురించి చెప్పే పెద్దలు చాలాసార్లు ఈ సంగతి మరిచిపోతారు.

పదిహేనేళ్ల పిల్లల భయాలు చిన్నవి కావు. పదో తరగతి పరీక్షల ముందు వచ్చే ఆదివారం హాల్ టికెట్లు తెచ్చి బల్ల మీద పెడితే, పాస్టరుగారు వాటి మీద చెయ్యుంచి ప్రార్థన చేస్తారు. ఆ కాగితాల దొంతర చూస్తే చాలు, ఊళ్లోని పిల్లల గుండెలు ఎంత వేగంగా కొట్టుకుంటున్నాయో తెలుస్తుంది. పరీక్షలు గట్టెక్కితే ఎంపీసీనా, బైపీసీనా? జగ్గయ్యపేటలోనే చదవాలా, విజయవాడ హాస్టల్లో చేరాలా? ఈఏపీసెట్‌లో ర్యాంకు రాకపోతే, మిరపకోతకూ పత్తితీతకూ వెళ్లి ఫీజు కట్టిన అమ్మ ముఖం ఎలా చూడాలి? బస్సులో ఎవరో "హల్లెలూయా" అని పిలిచి నవ్వితే ఏం చెయ్యాలి? ఇన్నిటి మధ్య "దేవుని చిత్తం చెయ్యి" అన్న మాట ఒక్కోసారి ఇంకో పరీక్షలాగే వినపడుతుంది. ఒక్క జవాబు తప్పితే బతుకంతా తప్పిపోతుందన్నట్టు.

దీనికి పెద్దలు వేసే మందు ఒకటే: భయపడకు. బైబిల్లో ఆ మాట రోజుకొకటి చొప్పున 365 సార్లు ఉందని ప్రసంగాల్లో తరచూ వినపడుతుంది. కూర్చుని లెక్కపెట్టినవాళ్లకు అన్ని దొరకవు. ఎన్నిసార్లున్నా, చూడాల్సింది ఆ మాటకు తోడుగా వచ్చే మాటను. యెహోషువకు ధైర్యం చెప్పడంతోపాటే నది దాటించే పని అప్పగించడం కనపడుతుంది. తాను బాలుడినని వెనక్కి తగ్గిన యిర్మీయాకు భయం వద్దని చెబుతూనే వెళ్లాల్సిన చోటు చూపించడం కనపడుతుంది. కొరింథులో పౌలుకు కూడా అంతే, భయపడవద్దు అన్న మాటతోపాటే మాట్లాడమన్న ఆజ్ఞ. పని లేకుండా వట్టి ధైర్యవచనం దొరకడం అరుదు. పిల్లలకు వచనం కంఠతా పట్టించి, చెయ్యడానికి ఏ పనీ ఇవ్వకుండా ఇంటికి పంపడంలో ఉన్న లోపం ఇక్కడే తెలుస్తుంది.

గిద్యోను కథ సండే స్కూలు పిల్లలందరికీ తెలుసు. మూడు వందల మంది, బూరలు, కుండలు, దివిటీలు. ఆ యుద్ధానికి ముందు జరిగిన చిన్న సంగతి మాత్రం ఎవరూ బొమ్మ గీయించరు. మిద్యానీయులకు భయపడి గానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుకుంటున్న మనిషి అతను. దేవుడు అప్పగించిన మొదటి పని సొంత తండ్రి ఇంట్లోనే, అక్కడి బయలు బలిపీఠాన్ని పడగొట్టడం. ఇంటివాళ్లకూ ఊరివాళ్లకూ జడిసి, పగలు చెయ్యలేక, పదిమంది పనివాళ్లను వెంటబెట్టుకుని ఆ పని రాత్రిపూట చేశాడు. న్యాయాధిపతుల గ్రంథం ఈ భయాన్ని దాచిపెట్టలేదు, దానికి అతన్ని తప్పుపట్టనూ లేదు. అతనికి భయం ఉంది, విధేయత ఉంది, పక్కన పదిమంది ఉన్నారు. యవ్వనస్తుల కూడికలో చెప్పుకోవలసిన గిద్యోను ఈయనే.

బైబిలు పాత్రలు దూరమనిపిస్తే నందిగామ మండలంలోని రాఘవాపురం దాకా వెళ్తే చాలు. పందొమ్మిదో శతాబ్దం నడిమిన ఆ ఊరి మాలపల్లెలో పగోలు వెంకయ్య అనే పెద్దమనిషి ఉండేవాడు. ఒకప్పుడు ఆయన దోపిడీ ముఠాకు నాయకుడని మిషనరీల రాతల్లో ఉంది. మనుషులను వణికించిన మనిషికి మనసులో ఒక వెలితి పట్టుకుంది. నిజమైన దేవుడెవరో తనకు తెలియాలని ఏళ్ల తరబడి, పేరు తెలియని ఆ దేవుణ్ణే వేడుకున్నాడు. చివరికి బెజవాడలో చర్చ్ మిషనరీ సొసైటీ (సీఎంఎస్) మిషనరీ థామస్ యంగ్ డార్లింగ్‌ను కలిశాడు. విన్నంతసేపూ, ఇన్నాళ్లూ తాను వెతుకుతున్నది ఈ దేవుణ్ణేనని గుర్తుపట్టాడు. 1859లో రాఘవాపురంలో ఆయనతోపాటు వాడలోని మరికొందరు బాప్తిస్మం తీసుకున్నారు. కృష్ణా జిల్లా మెట్ట ఊళ్లలో దళితవాడల సంఘాలకు అదొక ముఖ్యమైన మొదలు. ఆయన అప్పటికే నడివయసువాడు. అయినా ఈ కథ పిల్లలదే. ఇక్కడి పిల్లలు ఎంతోమంది అప్పుడు మొదలైన దారిలో నడుస్తున్నవాళ్ల మనవలు, మునిమనవలు. తమ ఊరికి ఇంత దగ్గర్లో ఇంత కథ జరిగిందని వాళ్లకు చెప్పినవాళ్లు మాత్రం తక్కువ.

పిల్లల వయసుకు ఇంకా దగ్గరి కథ కావాలంటే బందరు వెళ్లాలి. మిషనరీ రాబర్ట్ నోబుల్ అక్కడ 1843లో బడి తెరిచాడు. తొమ్మిదేళ్ల దాకా ఒక్క విద్యార్థి కూడా బాప్తిస్మం తీసుకోలేదు. 1852లో మంచాల రత్నం, అయినాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు ముందుకొచ్చారు. ఊరు అట్టుడికింది, బడి దాదాపు ఖాళీ అయింది. ఆ కుర్రాళ్లకు ఇల్లు, బంధువులు, కులం అన్నీ ఒక్క రోజులో దూరమయ్యాయి. పన్నెండేళ్ల తర్వాత, 1864లో, ఇద్దరూ గురువులుగా అభిషేకం పొందారు. ఆ పన్నెండేళ్ల దగ్గర ఆగి ఆలోచించాలి. విశ్వాసంలో స్థిరపడటానికి, చదువుకోవటానికి, మనుషుల నమ్మకం తిరిగి సంపాదించుకోవటానికి వాళ్లకు అంత కాలం పట్టింది. ఒక్క రాత్రి కూడికలో చెయ్యెత్తినంత మాత్రాన పిల్లవాడి జీవితం తేలిపోవాలని తొందరపెట్టేవాళ్లు ఈ లెక్క చూడాలి.

బడి మెట్టెక్కని వాళ్ల చేత కూడా నోరు విప్పించవచ్చని దోర్నకల్లు అధ్యక్షుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య చూపించారు. ఆయన తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో దోర్నకల్లు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. కృష్ణా జిల్లా సంఘాలు కూడా తర్వాత ఆయన అధ్యక్ష మండలంలోకి వచ్చాయి. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తమ తల మీద తామే చెయ్యి పెట్టించి, తనకు దొరికిన సువార్తను చెప్పకుండా ఉండనని పలికించేవారు. ఏటా ఒక వారం, జీతమూ చదువూ లేని మామూలు కూలీలు, రైతులు, ఆడవాళ్లు జట్లుగా పక్క ఊళ్లకు వెళ్లి తమ మాటల్లో తమ మార్పు చెప్పుకొనే ఏర్పాటు చేశారు. ఒంటరిగా ఎవరినీ పంపలేదు. పెద్ద ప్రసంగం ఎవరినీ అడగలేదు. ఇప్పటి యవ్వనస్తుల కూడికలకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

దీంతోపాటు ఇంకో మాట కచ్చితంగా చెప్పాలి. ధైర్యం అంటే పక్కింటివాళ్ల దేవుణ్ణి తక్కువ చేసి మాట్లాడటం కాదు. ముక్త్యాలలో ముక్తేశ్వరుడి గుడి ఉంది, కృష్ణ ఒడ్డునే వేదాద్రి నరసింహస్వామి ఉన్నాడు, జగ్గయ్యపేట దగ్గర బౌద్ధ స్తూపం ఉంది. ఇన్ని నమ్మకాల మధ్య పెరిగే పిల్లలకు సాక్ష్యం నేర్పితే ముందు మర్యాద నేర్పాలి. నాకు ఇది జరిగింది, నేను ఇలా మారాను అని చెప్పేది సాక్ష్యం. నీది తప్పు అని వేలు చూపిస్తే అది వేరే పని. గిద్యోను వెళ్లింది సొంతింటికే.

పిల్లల భయాలన్నీ మనసు పుట్టించినవి కావు. కొన్ని దరఖాస్తు ఫారాల్లో ఉంటాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులు ఆ పరిధిలో లేరు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లను బీసీ-సీ కింద గుర్తించి 1 శాతం రిజర్వేషన్ ఇస్తున్నారు. కాలేజీ ఫారంలో కులం గడి, మతం గడి నింపాల్సి వచ్చినప్పుడు పదిహేడేళ్ల పిల్లవాడి చెయ్యి ఆగుతుంది. స్కాలర్‌షిప్పు, సీటు, రేపటి ఉద్యోగం అన్నీ ఆ గడిలో కనపడతాయి. అక్కడ నిజాయితీగా ఉండమని ప్రసంగం చేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. తల్లిదండ్రులు, సంఘపెద్దలు, చట్టం తెలిసిన ఒక మనిషి ఆ పిల్లవాడితో కూర్చుని, ఏది రాస్తే ఏమవుతుందో విడమరిచి చెప్పాలి. ఆ బరువులో సంఘం పాలు పంచుకోవాలి. ఫీజుకు ఒక చెయ్యి వెయ్యడం కూడా సువార్తలో భాగమే.

ఇక దేవుని చిత్తం. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధన అయ్యాక గిన్నెలోంచి వాగ్దానపు కార్డు తీసుకోవడం తెలుగు సంఘాల్లో అందరికీ ఇష్టమైన ఆచారం. ఏడాదంతా ఆ కార్డు బైబిల్లోనో, ఫోను కవరు వెనకో ఉంటుంది. అది ఓదార్పు, అందులో సందేహం లేదు. కానీ ఏ గ్రూపు తీసుకోవాలో, ఏ ఊరు వెళ్లాలో ఆ కార్డుతో తేల్చుకోవాలని చూసే పిల్లలున్నారు. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టేవాళ్లూ ఉన్నారు. తిమోతి అలా ఎదగలేదు. అవ్వ లోయి, తల్లి యునీకే ఇంట్లో నేర్పారు, పౌలు చేరదీశాడు, ఊరి సహోదరులు మంచి పేరు చెప్పారు. అప్పుడు అడుగు కదిలింది. ఆ కుర్రాడు కూడా పిరికితనాన్ని జయించాల్సినవాడేనని పౌలు ఉత్తరాలు చదివితే అర్థమవుతుంది. టీనేజి పిల్లలకు దేవుని చిత్తం ముప్పై ఏళ్ల పటంలా కనపడదు. ఈ వారం చెయ్యాల్సిన ఒక్క పనిలా కనపడుతుంది. తాను అబద్ధం చెప్పిన స్నేహితుడికి నిజం చెప్పడం, తరగతిలో అందరూ వెలివేసిన పిల్ల పక్కన కూర్చోవడం, అమ్మతో ఆ మార్కుల సంగతి చెప్పెయ్యడం.

ఈ కాలమ్ రాసే మనిషికి పదిహేనో ఏట మొదటిసారి సంఘంలో పాఠం చదివే వంతు వచ్చింది. ఎనిమిది వచనాలు. చేతిలో బైబిలు ఊగిపోయి అక్షరాలు నిలవలేదు. రెండో వచనం దగ్గర గొంతు ఆగిపోయింది. సండే స్కూలు టీచరమ్మ నెమ్మదిగా లేచి వచ్చి, ఏమీ అనకుండా పక్కన నిలబడి, బైబిలు అంచు ఒకవైపు పట్టుకుంది. మిగతా వచనాలన్నీ పూర్తయ్యాయి. మరుసటి వారం కూడా ఆమె వచ్చి నిలబడింది. మూడో వారం ముందు వరస దాకా వచ్చి ఆగింది. తర్వాత తన చోటునుంచి కదల్లేదు. ఆమె వచ్చి నిలబడిన అలికిడి ఇప్పటికీ, ఏ సభలో మాట్లాడాల్సి వచ్చినా, ఆ మనిషికి పక్కనే వినపడుతుంది.

అలాంటి టీచరమ్మలు ఇంకా ఉన్నారు. పిల్లలకు మెట్లు కట్టి ఇస్తారు. మొదటి నెలలో ఒక్క వచనం చదివిస్తారు. తర్వాత రెండు మాటల ప్రార్థన. మే నెల సెలవుల బైబిలు బడి (వీబీఎస్)లో చిన్నపిల్లల తరగతికి కథ చెప్పే పని, క్రిస్మస్ కేరల్స్‌లో ఒక ఇంటి దగ్గర ముందు నిలబడి వందనాలు చెప్పే పని. సాక్ష్యం ఆ తర్వాత. అదీ మూడు నిమిషాలే, ఒక్క సంగతే. ముందు ఎలా ఉండేది, ఏం జరిగింది, ఇప్పుడు ఏం మారింది. విన్నవాళ్లు ఏడవాలని లేని కష్టం కల్పించకూడదు. ఇంకొకరి గుట్టు అందులోకి లాగకూడదు. చెప్పడం ఇష్టం లేని పిల్లను బలవంతపెట్టకూడదు. నరకం పేరు చెప్పి భయపెట్టి లేపిన పిల్లవాడు నిలబడతాడు కానీ, అతని భయం తగ్గదు. ఒక భయం పోయి ఇంకో భయం వచ్చి కూర్చుంటుంది.

కూడిక ముగిశాక అబ్బాయిలు జంపఖానాలు చుడతారు, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. నడిపించే అన్న వైర్లు చుడుతూ వచ్చే వారం వంతుల జాబితా చదువుతాడు. పాట ఎవరిది, వాక్యం ఎవరిది. సాక్ష్యం దగ్గర ఆగుతాడు. ఆ అమ్మాయి బైబిల్లోంచి కాగితం తీసి మడత విప్పి, పక్కనున్న అక్కకు ఇస్తుంది. అక్క ఒకసారి చదివి, "ఇందులో రెండోది చాలు, అదొక్కటే చెప్పు. నేనొచ్చి పక్కన నిలబడతాలే" అంటుంది. అన్న జాబితాలో పేరు రాసుకుంటాడు.