మిత్రునికి ఏ పుస్తకం ఇవ్వాలి?

ఒక పుస్తకాన్ని మెచ్చుకోవడం వేరు, దానిని మరొకరికి సిఫారసు చేయడం వేరు. మెచ్చుకునేవాడు తన అభిరుచికి మాత్రమే జవాబుదారీ. సిఫారసు చేసేవాడు ఎదుటివారి కాలానికీ, డబ్బుకూ, కొంతవరకు మనస్సుకూ కూడా బాధ్యుడవుతాడు. కాబట్టి సలహా అడిగినవాడు మనపై ఉంచిన నమ్మకం ఒక విధమైన అమానత్.

మన కుటుంబాలలో ఈ బాధ్యత ఇంకా బరువైనది. ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాలలో ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బడిలో తెలుగు చదువుకున్న తరాలు పెరిగాయి. పెద్దల ఉర్దూ పుస్తకాలు బీరువాలో ఉంటాయి, పిల్లలకు ఆ లిపి రాదు. ఈ స్థితిలో మనం సాధారణంగా రెండు పనులు చేస్తాం. ధార్మిక గ్రంథం చేతికిచ్చి ఇక చాలునని ఊరుకోవడం ఒకటి. రచయిత పేరు చూసి "మనవాడే రాశాడు, చదువు" అనడం రెండవది. మొదటిది అవసరమే, కాని అదొక్కటే చాలదు. రెండవది అసలు విమర్శే కాదు. పుస్తకం ఏమి చేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ చెప్పాలి. ఈ దృష్టితో వేర్వేరు ప్రక్రియలకు చెందిన ఐదు పుస్తకాలను పాఠకుల ముందుంచుతున్నాను.

కావ్యాలలో గుర్రం జాషువా 'ఫిరదౌసి' (1932). గజనీ మహమూదు బంగారు నాణేలిస్తానని మాట ఇచ్చి వెండి నాణేలు పంపాడన్న కథ దీనికి ఆధారం. దీనిని చరిత్రగా తీసుకోరాదు. 'షానామా' ముగిసినది 1010 ప్రాంతంలో. ఈ వృత్తాంతం ప్రధానంగా 12వ శతాబ్దపు నిజామీ అరూజీ రచన 'చహార్ మఖాలా' ద్వారా వ్యాపించింది, పండితులు దానిలో చాలా భాగాన్ని శంకించారు. అయినా కావ్యం నిలుస్తుంది. జాషువా అడిగిన ప్రశ్న ఒక్క మహమూదును గురించినది కాదు. పాలకుడు మాట తప్పితే జీవితమంతా శ్రమించిన కవికి మిగిలేదేమిటన్నది. అస్పృశ్యతను అనుభవించిన కవి పారశీక కవి వేదనను తనదిగా చేసుకున్నాడు. పర్షియా నేతగాళ్ళు తెచ్చినదని చెప్పుకునే తివాచీల కళకు పేరొందిన ఏలూరులో ఈ కావ్యం పరాయిది కాజాలదు. పద్యం కష్టమనిపించేవారు ఎవరిచేతనైనా గొంతెత్తి చదివించుకుని వినాలి.

అనువాదాలలో సామల సదాశివ తెనిగించిన 'అమ్జద్ రుబాయీలు'. అమ్జద్ హైదరాబాదీ 1908 సెప్టెంబరు మూసీ వరదలో తల్లినీ, భార్యనూ, కుమార్తెనూ పోగొట్టుకున్నాడు. ఆ తరువాత కూడా దైవంపై నమ్మకం సడలని కవి కాబట్టే ఆయన మాటకు బరువుంది. తమ్మిలేరు, బుడమేరు వరదలు తెలిసిన మన ప్రాంతానికి ఈ సంగతి వివరించనక్కరలేదు. దాశరథి 'గాలిబ్ గీతాలు' (1961) ఎక్కువ ప్రసిద్ధి పొందినవే. కాని గజల్‌లో ఒక్కొక్క షేర్ వెనుక ఒక సంప్రదాయమంతా ఉంటుంది. రుబాయీ నాలుగు పాదాలలో తన మాట తానే పూర్తి చేసుకుంటుంది. అందుచేత కొత్త పాఠకుడు అమ్జద్‌తో ప్రారంభించి గాలిబ్ వద్దకు వెళ్ళడం మేలు. ఉర్దూ నుడికారం తెలుగులోకి పూర్తిగా రాదన్నది నిజమే. ఆ లోటు తీర్చడానికి తాతగారు మూలం చదవాలి, మనవడు అనువాదం చదవాలి. ఇద్దరూ ఒకచోట కూర్చోవడమే ఈ పుస్తకం చేయగల గొప్ప మేలు.

కథలలో మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' (1999). నెల్లూరు సీమ మాటలో ఒక పిల్లవాడు తన ఇంటి సంగతులు చెబుతాడు. పేదరికముంది, కాని జాలి కోసం చేయి చాపడం లేదు. నవ్విస్తూనే ఇంటి కష్టాన్ని చూపడం ఈ కథల బలం. పిల్లవాని చూపుకు అందని పెద్ద ప్రశ్నలు బయటనే ఉండిపోవడం వీటి పరిమితి. వాటికోసం వేరే పుస్తకాలు చదవవలసిందే.

నవలలలో అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' (2014). 2020లో ఇది ఆంగ్లంలోకి కూడా వెళ్ళింది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున తెగ్గొట్టారు. ఈ తేదీలు ప్రభుత్వ పత్రాలలో దొరుకుతాయి. సరస్సును నమ్ముకుని బ్రతికిన లంక గ్రామాల మనుషుల పొత్తు మాత్రం అక్కడ దొరకదు, ఈ నవలలో దొరుకుతుంది. గడచిన కాలంపై మమకారం ఇందులో ఎక్కువే. ఈనాడు చెరువుల మీద కూలి చేసుకునేవాని గతి ఏమిటని పాఠకుడు తానే అడుగుకోవాలి. ఇది ముస్లిం జీవితాన్ని చెప్పడానికి పూనుకున్న నవల కాదు. దీనిని సిఫారసు చేయడానికి అదీ ఒక కారణమే. ఆ నీరూ, ఆ చేపా, ఆ వరదా పొరుగువారితో కలిసి మనం పంచుకున్నవే కదా!

చరిత్ర విభాగంలో సయ్యద్ నశీర్ అహమ్మద్ 'అక్షరశిల్పులు' (2010). తెలుగులో రాసిన 300 మందికి పైగా ముస్లిం కవుల, రచయితల పరిచయాలు ఇందులో ఉన్నాయి. "తెలుగు మన భాషేనా?" అని సందేహించే యువకునికి ఇంతకంటె సూటి సమాధానం లేదు. అయితే ఇది పరిచయ గ్రంథం, గుణదోష విచారణ కాదు. ఇందులో పేరున్నంత మాత్రాన ప్రతి రచనా ఉత్తమమని అనుకోరాదు. పేర్లు తెలుసుకుని, పుస్తకాలు వెదకి, చదివి, తూకం వేయవలసిన పని మనకే మిగిలింది.

ఈ ఐదింటినీ ఒక్కసారిగా ఒకరి చేతిలో పెట్టడం నా ఉద్దేశం కాదు. పదిహేనేళ్ళ పిల్లవానికి 'దర్గామిట్ట కథలు', ఉర్దూ తెలిసిన పెద్దలకు 'అమ్జద్ రుబాయీలు', రైతు కుటుంబానికి 'కొల్లేటి జాడలు' ముందుగా తగినవి. అందరికీ ఒకే పుస్తకం ఇవ్వడం అందరికీ ఒకే మందు ఇవ్వడం వంటిదే. ఇచ్చిన తరువాత నెల రోజులాగి "ఎలా ఉంది?" అని అడగాలి. "నచ్చలేదు" అని జవాబు వస్తే నొచ్చుకోక, కారణం వినాలి. అలా కారణాలు చెప్పుకోవడం అలవాటైన ఊళ్ళో మంచి పుస్తకానికి పాఠకులు కరవుకారు.