తాళ్ళపాక దారిలో విగ్రహం: గాయకుని జ్ఞాపకమును గూర్చి ఒక పరిశీలన

కడప నుండి తిరుపతికి వెళ్ళే రహదారిలో రాజంపేట వద్ద 108 అడుగుల అన్నమాచార్య విగ్రహం కనబడుతుంది. ఆయన స్వగ్రామమైన తాళ్ళపాక అక్కడికి దగ్గరే. ఈ ప్రాంతపు కాపరులు కూటములకు వెళ్తూ దానిని ఎన్నోసార్లు దాటి ఉంటారు. అది మన విశ్వాసానికి చెందినది కాదు గనుక దానితో పని లేదనుకోవడం సులభమే. అయితే ఒక ఊరు తన గాయకుణ్ణి ఏ విధంగా జ్ఞాపకం చేసుకుంటుందనే ప్రశ్న, కీర్తనలతో ఆరాధించే సంఘానికి పరాయిది కాదు.

విగ్రహం ఒకే మాట చెబుతుంది: ఈయన గొప్పవాడు. ఆ ముఖం చూడాలంటే తల వెనక్కి వంచాలి. లాలిపాటలు, జానపదుల బాణీలు, ఇంటి మాటలు కీర్తనలోకి తెచ్చిన వాగ్గేయకారుడు (1408–1503) అంత ఎత్తున నిలబడటం నాకు కొంత అసహజంగా తోస్తుంది. ఆయన భార్య తిమ్మక్క సుభద్రా కళ్యాణం వ్రాసిన కవయిత్రి. ఆ ఎత్తులో ఆమెకు చోటు లేదు.

అసలు చరిత్ర వేరొక చోట ఉంది. ఆయన 32,000 సంకీర్తనలు రచించాడని సంప్రదాయం. 12,000కు పైగా మనకు దక్కాయి. దక్కడానికి కారణం కుమారుడు పెద తిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరచడం. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన ఏ. డి. క్యాంప్‌బెల్, ఆ రేకుల్లో ప్రాచీన వ్యాకరణం ఉందని విని పరీక్ష చేయించాడు. దేవుని స్తుతించే పాటలు తప్ప మరేమీ లేవని తేలిందట! ఆ 'మరేమీ లేని' రేకులను 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు చదివి పరిష్కరించారు. రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) మొదలైనవారు స్వరపరచబట్టే వాటిలో కొన్ని మళ్ళీ గొంతుల్లోకి వచ్చాయి. అంటే గాయకుణ్ణి నిలిపినది చెక్కినవారు, చదివినవారు, పాడినవారు. ఈ వరుసను గూర్చి విగ్రహం మౌనంగా ఉంది. దాని ముఖ్యమైన లోపం ఇదేనని నా అభిప్రాయం.

దీనికి పూర్తి వ్యతిరేకమైన పద్ధతి సంఘ చరిత్రలో కనబడుతుంది. 1760లో తరంగంబాడికి మిషనరీలను పంపిన మొరేవియన్లు తమ సమాధులపై ఒకే కొలత గల పలకలను నేలమట్టంగా పరుస్తారు. మరణంలో ఎవరూ ఎవరికన్నా ఎత్తు కారాదని. వారి సంగీతకర్త యోహాన్ ఫ్రీడ్రిక్ పీటర్ 1789లో ఉత్తర కరోలినాలోని సేలంలో ఆరు తంత్రీవాద్య పంచకాలు రచించాడు. ఆ సమాజం వ్రాతప్రతులను దాచింది గనుక, దాదాపు మరుగునపడిన ఆ సంగీతం 20వ శతాబ్దంలో మళ్ళీ వినబడింది. పలక చిన్నది, పెట్టె భద్రం.

ఇక మన సంగతి. 1 దినవృత్తాంతములు 25వ అధ్యాయం ఆసాపు, హేమాను, యెదూతూను కుమారులను పేరుపేరునా లెక్కిస్తుంది. నేర్పరులైన గాయకులు 288 మంది. ఆ పేర్ల పట్టిక మనలో చాలామందికి విసుగే, నేనూ అనేకసార్లు పేజీ తిప్పేశాను. కానీ దేవాలయ నిర్మాణపు ఏర్పాట్ల మధ్య గ్రంథకర్త పాడేవారికి అంత చోటిచ్చాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం కూడా ఆ పనే చేసింది. పాటతోపాటు రాగం, తాళం, రచయిత పేరు అచ్చువేసింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) పేరు తెలుగు సంఘానికి తెలిసినది శిలాఫలకం వల్ల కాదు, ఆ చిన్న అక్షరాల వల్ల.

ఇప్పుడు అనేక ఆలయాల్లో పాట తెరపై వెలుగుతుంది. సాహిత్యం మాత్రమే ఉంటుంది. పేరు పోయింది, రాగం పోయింది, తాళాన్ని కీబోర్డు నిర్ణయిస్తుంది. విగ్రహాన్ని విమర్శించడానికి మనకు గల అర్హత ఇక్కడ సన్నగిల్లుతుంది. తాళ్ళపాకవారు కనీసం తమ గాయకుని పేరు పోగొట్టుకోలేదు. తెరకు పాటలు ఎక్కించే యువకుడు ఆ పుస్తకం తెరచి, పాటకు ముందు ఒక పంక్తి చేర్చడానికి రెండు నిమిషాలు పడుతుంది.