ఎడమవైపు ఆడినవాడు: ‘మైదాన్’ సినిమా, తులసీదాస్ బలరాం

‘మైదాన్’ సినిమా 2024 ఏప్రిల్‌లో వచ్చింది. థియేటర్లో చూడటం కుదరలేదు, తర్వాత ఇంట్లో రెండు రాత్రులు కూర్చుని పూర్తిచేశాను. మూడు గంటల సినిమా. అజయ్ దేవగణ్ హైదరాబాదు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీంగా నటించాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడిన జట్టు, పదేళ్ళకి 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలవడం కథ. చెప్పొద్దూ, ఫైనల్ మ్యాచ్ ఫలితం ముందే తెలిసినా సోఫా అంచుకి జరిగి కూర్చున్నాను. సినిమా బాగాలేదని చెప్పడానికి ఇది రాయడం లేదు. బాగున్న సినిమా కూడా ఒక మనిషిని ఎలా వదిలేస్తుందో చెబుదామనే రాస్తున్నాను.

మా కృష్ణా జిల్లాలో ఆట అంటే క్రికెట్టు. పల్లెల్లో అయితే వాలీబాల్, కబడ్డీ. ఫుట్‌బాల్ మాకు నాలుగేళ్ళకోసారి టీవీలో వచ్చే పండగ. మెస్సీ బార్సిలోనా వదిలి ఏ క్లబ్బుకి వెళ్ళాడో, ఎందుకు వెళ్ళాడో మా ఆఫీసులో ఎవర్నడిగినా గడగడా చెబుతారు. అదే తులసీదాస్ బలరాం ఎవరని అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. సినిమా చూసేదాకా నా సంగతీ అంతే.

బలరాం 1936లో సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. పేద కుటుంబం. అతని ఆట రహీం కంట్లో పడింది. సికింద్రాబాదు నుంచి హైదరాబాదుకి ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేవంటే, అద్దె సైకిలుకని రహీమే రోజూ రూపాయి ఇచ్చేవాడని అంటారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన జట్టులో అతను ఉన్నాడు. అప్పటికి ఇరవయ్యేళ్ళు. ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం చేరిన ఎత్తు అదే, మళ్ళీ అక్కడికి వెళ్ళింది లేదు.

రహీం దేశమంతా తిరిగి ఆటగాళ్ళని ఏరుకొచ్చే సన్నివేశాలు సినిమాలో వరసగా, హుషారుగా సాగుతాయి. అందులో బలరాం వంతు కొద్ది నిమిషాలే. దానికి దర్శకుడు అమిత్ శర్మని తప్పుపట్టను. పదకొండు మందికీ, పక్కన బెంచీ మీద ఉన్నవాళ్ళకీ తలా ఒక కథ చెబుతూ కూర్చుంటే సినిమా తేలదు. నా పేచీ ఆ తర్వాత సంగతితో.

సినిమాలో కెమెరా బంతి వెంట, కాళ్ళ వెంట పరిగెడుతుంది. గోల్ కొట్టేవాడి మొహం, ఆపేవాడి చేతులు బాగా కనిపిస్తాయి. కానీ రహీం నేర్పిన ఆటలో గొప్పదనం అక్కడ లేదు. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. అది చకచకా పాసులు మార్చుకుంటూ, ఎవరూ ఒకచోట నిలబడకుండా ఆడే ఆట. బంతి లేనివాడు ఎటు కదిలాడన్నదే అందులో అసలు విషయం. బలరాం అలాంటివాడు. ఎడమవైపు ఆడేవాడు, లోపలికొచ్చి కూడా ఆడేవాడు. బంతి కాలికి అంటుకున్నట్టు ఉండేదనీ, పక్కవాడికి అందించడంలో దిట్ట అనీ అతని ఆట చూసినవాళ్ళు రాశారు. దగ్గర్నుంచి తీసిన షాట్‌లో ఖాళీ జాగా కనపడదు. ఖాళీ జాగా కనపడకపోతే బలరాం కూడా కనపడడు.

సరే, గోల్స్ లెక్కే చూద్దాం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు మూడు మ్యాచ్‌లు ఆడారు. హంగరీతో 2-1 తేడాతో ఓడారు. అది ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు, ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఆడిన జట్టు. ఫ్రాన్స్‌తో 1-1, పెరూతో 1-3. మన జట్టు మొత్తం మూడు గోల్స్ కొడితే ఫ్రాన్స్ మీద కొట్టింది పి.కె. బెనర్జీ, మిగతా రెండూ బలరాంవి. భారత జట్టు ఒలింపిక్స్ ఫుట్‌బాల్ ఆడటం అదే ఆఖరు. రెండేళ్ళ తర్వాత జకార్తాలో థాయ్‌లాండ్ మీద, జపాన్ మీద గోల్స్ కొట్టాడు. ఫైనల్లో కొరియా మీద 2-1. ఆ రెండు గోల్స్ పి.కె.వి, జర్నైల్ సింగ్‌వి. జనానికి గుర్తుండేది ఫైనలే కదా.

పి.కె., చునీ గోస్వామి, బలరాం. ఈ ముగ్గుర్నీ త్రయం అంటారు. సినిమా చూస్తే వీళ్ళు ఎప్పుడూ కలిసే ఆడారనిపిస్తుంది. నిజానికి క్లబ్బుల్లో ముగ్గురూ మూడు దారులు. చునీది మోహన్ బగాన్. పి.కె.ది ఈస్టర్న్ రైల్వే. బలరాం 1957 నుంచి ఈస్ట్ బెంగాల్. అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఒకరి మీద ఒకరు ఆడుతూ, దేశం పిలిచినప్పుడు పక్కపక్కన నిలబడేవాళ్ళు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్ అంటే ఊరు రెండుగా చీలిపోతుంది. దేశవిభజనలో తూర్పు నుంచి వచ్చిపడ్డవాళ్ళ క్లబ్బు ఈస్ట్ బెంగాల్. వాళ్ళ భాష రాని ఒక సికింద్రాబాదు కుర్రాడు వాళ్ళకోసం వందకు పైగా గోల్స్ కొట్టాడు. 1961లో కెప్టెన్‌గా లీగ్ గెలిపించాడు. హైదరాబాదుకి సంతోష్ ట్రోఫీ ఆడినవాడే బెంగాల్‌కీ ఆడాడు. దీనికి అదే ఒక సినిమా అవుతుంది. ఈ సినిమాలో మాత్రం క్లబ్బులంటే రహీంకి అడ్డుపడే కలకత్తా రాజకీయం, అంతే.

ఇక్కడే నాకు సినిమాతో అసలు తగువు. రహీంకి ఊపిరితిత్తుల క్యాన్సర్. ద్వితీయార్ధమంతా ఆ దగ్గు మీద నడుస్తుంది. రుమాలు, నెత్తురు, బాత్రూంలో కుళాయి చప్పుడు. దేవగణ్ బాగా చేశాడు, కాదనను. జకార్తా గెలుపు తర్వాత ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో రహీం పోయారు. అదే 1963లో బలరాం ఈస్ట్ బెంగాల్ వదిలి బి.ఎన్.ఆర్. రైల్వే జట్టుకి మారాడు. అదే ఏడాది ఆట మానేశాడు. కారణం ఊపిరితిత్తుల జబ్బు. ఇరవయ్యేడేళ్ళు. గురువుకీ శిష్యుడికీ ఒకే ఏడు, ఒకేచోట దెబ్బ. మూడు గంటలు దగ్గు వినిపించిన సినిమాకి ఈ రెండో ఊపిరి వినపడలేదు. ఆఖర్లో ఒక్క వాక్యం వేసినా సరిపోయేది.

ఎందుకు వేయలేదంటే, నాకు తోచింది ఇదీ. గెలుపు సినిమాకి దుష్టులు కావాలి. అందుకే ఒక కుటిల పత్రికా రచయిత, కొందరు ఫెడరేషన్ పెద్దలు ఉన్నారు. వాళ్ళని ఓడిస్తే కథ తీరిపోతుంది. బలరాం కథలో ఓడించడానికి ఎవరూ లేరు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడితే బతుకు గడవదు, దాంతోపాటు రైల్వేలోనో పోలీసులోనో పోర్టులోనో ఉద్యోగం ఉండాలి. ఇవాళ మనం ప్రొఫెషనల్ అనే మాట వాడే అర్థంలో అతను ప్రొఫెషనల్ కాదు, ఆట మాత్రం ఆ స్థాయిది. జబ్బు చేస్తే అంతే. దాన్ని ఏ క్లైమాక్సులో గెలవాలి?

తర్వాత ఆయన అరవయ్యేళ్ళు బతికారు. రైల్వే ఉద్యోగం, కుర్రాళ్ళకి కోచింగ్. హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో ఇల్లు. 1962లో అర్జున వచ్చింది. చునీకి, పి.కె.కి పద్మశ్రీ ఇచ్చారు, ఈయనకి ఇవ్వలేదు. ఆ బాధనీ, ఈస్ట్ బెంగాల్‌తో విరిగిన మనసునీ ఆయన ఇంటర్వ్యూల్లో దాచుకోలేదు. 2020లో నెల పైచిలుకు తేడాలో పి.కె., చునీ పోయారు. 2023 ఫిబ్రవరి 16న ఈయన కలకత్తాలో కన్నుమూశారు. ఆ తర్వాత పద్నాలుగు నెలలకి సినిమా వచ్చింది.

ఇంతదాకా హిందీవాళ్ళని అన్నాను. మన సంగతేమిటి? రహీం, తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరాం, అందరూ హైదరాబాదు మైదానాల్లో తయారైనవాళ్ళు. వీళ్ళ గురించి తెలుగులో చదువుదామని వెతికితే నాకు దొరికినవి నివాళి వార్తలు, సినిమా రివ్యూలు. చదివిందంతా ఇంగ్లీషులోనే. కలకత్తా వెళ్ళిపోయాడు కాబట్టి మనవాడు కాడనుకున్నామా, లేక ఫుట్‌బాల్ మన ఆట కాదనుకున్నామా? రెండోదే అయితే ఒప్పుకోను. ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన ఊరి ఆటని మన ఆట కాదనడానికి మనకేం హక్కుంది?

ఒక చిన్న ఊహతో ఆపేస్తాను. సికింద్రాబాదు నుంచి హౌరా వెళ్ళే రైలు దారుల్లో ఒకటి మా బెజవాడ మీదుగానే. 1957లో బలరాం ఆ దారినే వెళ్ళి ఉంటే, మా స్టేషన్లో బండి కాసేపు ఆగే ఉంటుంది. ప్లాట్‌ఫాం మీద దిగి టీ తాగుతున్న ఆ కుర్రాణ్ణి ఎవరూ గుర్తుపట్టి ఉండరు. అప్పుడు గుర్తుపట్టకపోవడం తప్పు కాదు. అరవై ఏడేళ్ళ తర్వాత సినిమా చూసి కూడా గుర్తుపట్టకపోతే మాత్రం తప్పే.